రొంటిన దోపిన కడియం

ఆ శుక్రవారం మా ప్రయోగశాలకు వచ్చిన జాబితాలో రెండువందల పద్నాలుగు పేర్లున్నాయి. ప్రతి పేరుకూ ఎదురుగా ఒకటే మాట రాసి ఉంది: "కడియం చేతులు మారింది."

ముసలి తల్లినో తండ్రినో దగ్గర ఉంచుకుని చూసుకునేవాళ్ళకు ఆదాయపు పన్నులో సగం మాఫీ, ఉద్యోగంలో సగం షిఫ్టు ఇచ్చే చట్టం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు. మొదటి రెండేళ్ళూ కాగితాలు చూసి రాయితీ ఇచ్చారు. ఆ కాగితాల ప్రకారం రాష్ట్రంలో చనిపోయిన తల్లులు కూడా పూటకు రెండు ఇడ్లీలు తింటున్నారు. అప్పుడు డాక్టర్ ఫణిమాల ఈ కడియాన్ని కనిపెట్టింది.

ఫణిమాల కాకినాడ కాలేజీలో నా దగ్గర ప్రాక్టికల్సు చేసిన పిల్ల. నేను ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. తర్వాత కొన్నాళ్ళకు మా ఆవిడ మాణిక్యం పోయింది. రెండు గ్లాసుల కాఫీ కలిపి ఒకటి పారబోసుకుంటున్న రోజుల్లో, "రిజిస్టర్లు రాసే మనిషి లేడు, మీరు రండి మాస్టారూ" అని ఫణిమాల కబురు పెట్టింది. నిజానికి రిజిస్టర్లు రాసే మనుషులు ఆమెకు ముగ్గురున్నారు. అది చేరాక తెలిసింది.

ప్రతి ఉదయం యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడడానికి మా కాంటీను నడిపే సుబ్బారాయుడు తన తండ్రిని తీసుకొచ్చేవాడు. ఆ పెద్దాయనకు చూపు ఆనదు. ఒక కడియం ఆయన మణికట్టుకు, రెండోది కొడుకు మణికట్టుకు తొడిగి మెట్లెక్కమంటాను. తెరమీద రెండు నాడుల గీతలు కదులుతాయి. మొదట దేని దారి దానిదే. నాలుగో మెట్టు దగ్గర తండ్రి చెయ్యి తడుముకుంటూ కొడుకు భుజం మీద పడుతుంది. నలభై శ్వాసలు గడిచేసరికి తండ్రి గీత కొడుకు గీత వెనకాలే నడవడం మొదలుపెడుతుంది. కొడుకు నాడి నెమ్మదిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా తండ్రిదీ నెమ్మదిస్తుంది. ఈ వెంట నడవడానికి ఫణిమాల పెట్టిన పేరు ఆనిక. ఇది డబ్బు పంపిస్తే రాదు, బెదిరిస్తే రాదు. నెలకు ఇన్ని గంటల ఆనిక ఉంటే రాయితీ ఉంటుంది, లేకపోతే పోతుంది.

తల్లికో తండ్రికో ఇచ్చిన కడియంలో ఒక నాడి బదులు రెండు లయలు వినిపిస్తే, అది ఇద్దరు మనుషుల ఒంటి మీద తిరిగిందని అర్థం. దాన్నే చేతులు మారడం అంటాం.

అలాంటి జాబితా వచ్చినప్పుడు చీటీ వేసి ఒక ఇంటికి స్వయంగా వెళ్ళి చూసి రావాలి. ఆ రోజు చీటీలో గండి వీరభద్రం పేరు వచ్చింది. హార్బరులో క్రేను నడుపుతాడు. యాభై దాటాయి, పెళ్ళి కాలేదు. తల్లి నూకరత్నానికి డెబ్బై తొమ్మిది, పక్షవాతంతో ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. నోటీసు అప్పటికే ఇంటికి చేరింది. పదిహేను రోజుల్లో అతని సగం షిఫ్టు రద్దవుతుంది. అతను రోజంతా క్రేను మీద ఉంటే ఇంట్లో చూసేవాళ్ళు ఉండరు కనుక, తల్లిని ప్రభుత్వ ఆదరణ కేంద్రానికి తీసుకుపోతారు.

జగన్నాథపురం వంతెన దాటి ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి పదకొండయింది. తలుపు తీసే ఉంది. మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన ముసలావిడకు వీరభద్రం అన్నం పెడుతున్నాడు. పెద్ద మనిషి. అంత పెద్ద వేళ్ళతోనూ చేప ముక్కను నలిపి నలిపి చూసి ముద్ద చేస్తున్నాడు.

"ముల్లు," అంది ఆవిడ.

"చందవాలో ముల్లేంటే?"

"నా నోట్లో ఉంది. నీ నోట్లో ఉందేంటి?"

అతను వేలు పెట్టి తీశాడు. నిజంగానే ఉంది, నూలుపోగంత. దాన్ని కంచం అంచున పెట్టి నన్ను చూశాడు.

"ఎవరండీ?"

"కడియాల ఆఫీసు నుంచి."

అతని మొహం మారింది. లేవబోయాడు. పెట్టడం కానివ్వమని చెప్పి గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. స్టూలు మీద తడి బట్టేదో ఆరేసి ఉంటే, అన్నం పెడుతూనే ఎడమచేత్తో తీసి చోటిచ్చాడు.

ముద్దలయ్యాక అడిగాను. "అమ్మగారి కడియం చూపిస్తారా?"

అతని కడియం అతని చేతికి ఉంది. ఆవిడ రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"అమ్మా, అదోసారి తియ్యి."

ఆవిడ కుడిచెయ్యి రొంటికి పోయింది. చీర మడత లోంచి ముందు ఒక తాళంచెవి, తర్వాత పొడుం డబ్బా, ఆ తర్వాత కడియం వచ్చాయి. నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఎప్పుడూ అక్కడే ఉంటుందా ఇది?"

"ఎక్కడికి పోద్ది బాబూ? నిద్దట్లో కూడా నా రొంటినే ఉంటది."

"చేతికి పెట్టుకోవాలి కదమ్మా."

ఆవిడ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"చేతికేంటి? మా ఆయన పోయినప్పుడు పదకొండో రోజున మా ఆడపడుచులు ఈ చేతులకే గాజులు చితక్కొట్టారు. ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు గవర్నమెంటోళ్ళు ఇచ్చారని తొడుక్కుని కూర్చోమంటావా?"

"ఇది గాజు కాదమ్మా. మిషను."

"గుండ్రంగా ఉంది. చేతికేస్తే టక్కుమని పడద్ది. గాజు కాకపోతే గారెనా?"

వీరభద్రం మధ్యలోకొచ్చాడు. "ఒంటికి తగిలుంటే చాలనుకున్నానండి. పొట్ట కూడా ఒళ్ళేగదండీ మేస్టారూ."

పొట్ట కూడా ఒళ్ళే. బక్క మనిషి పొట్ట మీద వేలు పెడితే లోపలి పెద్ద రక్తనాళం కొట్టుకోవడం తెలుస్తుంది. కడియం దాన్ని శుభ్రంగానే విన్నది. కానీ ఊపిరి తీసినప్పుడల్లా పొట్ట లేచి పడుతుంది. మణికట్టు అలా లేవదు. ఆ ఊపిరిని మా యంత్రం ఇంకో మనిషి అనుకుంది.

నేను వచ్చేస్తుంటే వీరభద్రం వీధిదాకా వచ్చాడు. నోటీసు గురించి ఏమీ అనలేదు. "ఆ సెంటర్లో మంచాలు గోడకానుకుని ఉంటాయాండీ?" అని మాత్రం అడిగాడు. "మా అమ్మ కుడి పక్కకి తిప్పితేనే పడుకుంటదండి. ఎడం పక్కన గోడుంటే, తిప్పడానికి మనిషి నిలబడ్డానికి చోటుండదు."

నాకు తెలియదని చెప్పాను.

*

ప్రయోగశాలకు వెళ్ళి జాబితాను ఇంకోలా వేరుచేయించాను. రెండువందల పద్నాలుగు మందిలో ఒక్క తండ్రి లేడు. అందరూ తల్లులే. అందరికీ భర్తలు పోయారు.

ఆ తర్వాత బీరువాలోంచి మొదటి ప్రయోగం నాటి రిజిస్టరు తీశాను. ఆరేళ్ళ కిందట కాలేజీ హాల్లో చేసిన పరీక్ష అది. తొంభై మంది వృద్ధులను పిలిచాం. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళ పేర్ల ఎదురుగా "రాలేదు" అని ఉంది. ఆ దస్తూరీ నాది.

వాళ్ళు వచ్చారు. నాకు గుర్తుంది. హాల్లోకి అడుగుపెడుతూనే ఎదురుగా పెద్ద బల్ల, దాని మీద తెల్లగుడ్డ, ఆ గుడ్డ మీద వెండిరంగు కడియాలు వరసగా, గాజుల కొట్టులో పేర్చినట్టు. గుడ్డ పరిచిందీ, పేర్చిందీ నేనే. కొందరు గుమ్మంలోనే ఆగిపోయారు. ఒకావిడ మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయింది. ఇంకొకావిడ "ఇప్పుడే వస్తానండి" అంది. ఎండగా ఉంది కదా, విసుగొచ్చిందేమో అనుకున్నాను. సాయంత్రం కూర్చుని "రాలేదు" అని రాసుకుంటూ పోయాను.

ఫణిమాల అంతా విన్నది. ఆమె మంచి మనిషి. త్వరగా అర్థం చేసుకుంటుంది. అంతకంటే త్వరగా పరిష్కారం ఆలోచిస్తుంది.

"రొంటికి సరిపడే పరికరం చేద్దాం మాస్టారూ. ఊపిరిని విడదీసే లెక్క రాయాలి. రెండేళ్ళు పడుతుంది."

"వీరభద్రానికి పదమూడు రోజులుంది."

"చట్టంలో మణికట్టు అని రాసుంది. నేను మార్చలేను. మూడు రోజులు మణికట్టుకు పెట్టుకుంటే మళ్ళీ చూసే అధికారం మాత్రం నాకుంది." రిజిస్టరు మూసి నా వైపు జరిపింది. "మూడు రోజులే కదా. మీరు నచ్చజెప్తే వింటుందేమో."

*

మర్నాడు వీరభద్రాన్ని వీధిలోకి పిలిచి చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నేనడగనండి."

"అడగకపోతే తీసుకుపోతారు."

"తెలుసండి. అయినా నేనడగను. ఆ రోజు నాకు ఇరవై రెండేళ్ళండి. గాజులు పగలగొడతంటే అక్కడే ఉన్నాను."

లోపల్నుంచి కేక వినిపించింది. "ఏంట్రా ఆ గుసగుసలు? పడిపోయింది కాలూ చెయ్యే, చెవులు కాదు. ఆయన్ని లోపలికి రమ్మను."

వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నచ్చజెప్పలేదు. మూడు రోజులు చేతికి పెట్టుకుంటే ఏమవుతుందో, పెట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పి ఊరుకున్నాను. ఆవిడ పొడుం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"మీ ఇంటావిడ ఉందా బాబూ?"

"పోయిందమ్మా. ఏడేళ్ళయింది."

"నీకేం తీశారు?"

"ఏమీ తియ్యలేదు."

"ఆ ఉంగరం?"

నా చేతివైపు చూసుకున్నాను. అది మాణిక్యం కొన్నది. తియ్యమని ఎవరూ అడగలేదు. తియ్యవచ్చని కూడా నాకు తోచలేదు.

"ఇది ఉంచుకున్నాను."

నన్నేదో అంటుందనుకున్నాను. అనాల్సినదే. ఆవిడ మాత్రం, "మంచిపని. ఒకళ్ళ చేతికన్నా మిగిలింది," అంది.

తర్వాత కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది, పక్కింటి పిల్లను కూర్చోబెట్టినట్టు.

"దీనికి పెట్టండి. దీనికేం తెలవదు."

నేను కడియం తీసుకుని ముందుకు వంగాను.

"ఆగాగు. నువ్వెవరు నాకు గాజెయ్యడానికి? ఒరేయ్ ఈరభద్రం, రారా. మూడుకొండలెత్తే మిషను నడుపుతావు, ఇదేం బరువు?"

అతను వచ్చి తొడిగాడు. టక్కుమంది. వెంటనే కంచం కడగాలంటూ పెరట్లోకి పోయాడు. ఆ కంచం అప్పటికే కడిగి బోర్లించి ఉంది.

*

మూడు రోజుల గీతలు నాలుగోరోజు ఉదయం తెరమీదకొచ్చాయి. మణికట్టు నుంచి ఒకే లయ శుభ్రంగా వినిపించింది. కడియం చేతులు మారలేదని యంత్రం ఒప్పుకుంది. ఆ కింద ఇంకో మాట రాసింది: "బలవంతం."

ఫణిమాల కుర్చీ దగ్గరికి లాక్కుంది. కొడుకు హార్బరుకు వెళ్ళిన నాలుగు గంటలూ తల్లి నాడి మామూలుగా ఉంది. అతను ఇంట్లో అడుగుపెట్టగానే ఎగిరింది. అన్నం పెడుతుంటే, ఒళ్ళు తుడుస్తుంటే, పక్కకు తిప్పుతుంటే ఎగురుతూనే ఉంది. ఆనిక ఒక్క గంట కూడా లేదు. కొడుకు ముందు ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియని మనిషి నాడి అలాగే ఉంటుందని యంత్రానికి ఎవరు చెబుతారు? చేతికి తెలియలేదు కానీ, మిగిలిన మనిషికంతటికీ తెలిసింది.

ఆమె పక్కనే పాత గీతలు తెరిచింది. రొంటినుంచి వచ్చినవి. ఊపిరిని కంటితోనే తీసేసి చూస్తే, కింద తల్లి నాడి కొడుకు నాడి వెనకాలే నడుస్తోంది. రోజుకు పన్నెండు, పదమూడు గంటలు. సుబ్బారాయుడి తండ్రికి కూడా అంత లేదు.

"బలవంతం అంటే రాయితీ పోవడం కాదు మాస్టారూ," అంది ఫణిమాల. "అతని మీద కేసు పెడతారు. తల్లిని ఇవాళే తీసుకుపోతారు."

నేను రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఈ ముప్పై ఒక్కమందీ వచ్చారా, రాలేదా?" అని అడిగింది. అప్పుడు ఆమె గొంతులో నా విద్యార్థిని లేదు.

"వచ్చారు. గుమ్మందాకా."

"మరి రాలేదని ఎందుకు రాశారు?"

"లోపలికి రాలేదు కదా అని."

పరీక్షలో తేడా ఉందని ఒప్పుకుంటే తల్లుల విషయంలో కడియానికిచ్చిన అనుమతి రద్దవుతుంది. అది ఆమె ఇన్నేళ్ళ పని. ఒప్పుకోకపోతే తప్పు నా దస్తూరీలోనే ఉండిపోతుంది, అడిగేవాళ్ళు ఉండరు. ఈ రెండూ ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ పేజీల కింద తన సంతకాన్ని వేలితో ఒకసారి తాకి చూసింది.

"కొట్టేసి ఏం రాస్తారు?"

"వెనక్కి వెళ్ళిపోయారు అని."

"కడియం చూసి, అని కూడా రాయండి."

ముప్పై ఒక్కసార్లు రాశాను. ప్రతిదాని పక్కనా ఆమె పొట్టి సంతకం చేసింది. ఎప్పుడో సుబ్బారాయుడు అడక్కుండానే రెండు టీలు పెట్టి వెళ్ళాడు. చల్లారాక చూసుకున్నాం. ఆమె తనది అలాగే తాగేసి, బలవంతం అన్న ఫలితాన్ని ఆపమని కబురు పంపడానికి లేచింది.

*

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కొత్త పరికరం వచ్చేదాకా తల్లులకు కడియం పరీక్ష లేదు. ఒక మనిషి ఒక పూర్తి రోజు ఆ ఇంట్లో కూర్చుని, కళ్ళతో చూసింది రాసి పంపాలి. అభిప్రాయాలు రాయకూడదు. పైన ఒక అధికారి అది చదివి, సగం షిఫ్టు ఉంచాలా తియ్యాలా తేలుస్తాడు. అందరికంటే గడువు దగ్గరపడింది వీరభద్రానికే కనుక ఆ ఇంటితోనే మొదలుపెట్టారు. ఎవరు వెళ్తారంటే నేను వెళ్తానన్నాను.

ఆదివారం. పొద్దున్న ఆరింటికే కాగితాలు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. మొదటి గంటసేపు ఇద్దరూ నన్ను చూసి బిగుసుకుపోయి, "అండీ" అంటే "అండీ" అన్నట్టు మాట్లాడుకున్నారు.

"కాఫీ ఇమ్మంటావాండీ అమ్మా?" అన్నాడు వీరభద్రం.

"ఏంట్రా ఆ మర్యాద? చచ్చిపోతానన్నాడా డాక్టరు?" అంది ఆవిడ.

అక్కడితో అది వదిలిపోయింది. నేనున్నానన్న సంగతి ఏడున్నరకల్లా మరిచిపోయారు. పన్నెండు గంటల్లో నాలుగు పేజీలు రాశాను. తేదీ, సమయం, జరిగిన పని. ఆమె తిట్లు కూడా రాశాను, అవి కూడా జరిగినవే కనుక. అతను ఒకసారి విసుక్కుని పెరట్లోకి పోయి పది నిమిషాలు రాకపోవడం కూడా రాశాను.

ఆరింటికి కాగితాలు సర్దుకుంటుంటే ఆవిడ పిలిచింది. "ఏం రాశావో చదువు బాబూ."

చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది.

"సాంబారు మాడగొట్టాడు. అది రాయలేదు నువ్వు."

"మాడలేదే, అడుగంటింది," అన్నాడు వీరభద్రం.

"రాయమంటారా?" అని అతన్నే అడిగాను.

అతను చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "రాసెయ్యండి మేస్టారూ. లేకపోతే రాత్రంతా అదే అంటది."

రాశాను.

ఐదోరోజు ఉత్తర్వు నకలు మా ప్రయోగశాలకు కూడా వచ్చింది. గండి వీరభద్రానికి సగం షిఫ్టు, పన్ను రాయితీ కొనసాగుతాయి. తల్లి ఇంట్లోనే ఉంటుంది. అధికారి పేరు నాకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు. కారణం రాయాల్సిన చోట ఆయన సొంతంగా ఏమీ రాయలేదు. నా నాలుగు పేజీల్లోంచి మూడు వాక్యాలు ఎత్తి పెట్టాడు:

"సాయంత్రం నాలుగు ఇరవైకి కొడుకు తల్లి తల దువ్వి ముడి వేశాడు. వంకరగా ఉందని ఆమె రెండుసార్లు విప్పించింది. మూడోసారి కూడా వంకరగానే వచ్చింది, ఆమె ఊరుకుంది."